సెలవులు ఎవరివి? 1964 మిసిసిపీ స్వేచ్ఛా బళ్ళు, మన పల్లెల్లో వేసవి తరగతులు

2023 వేసవిలో మేం నలుగురం పరిశోధక విద్యార్థులం పల్నాడులో ఒక పల్లెలో తరగతులు పెట్టాం. పల్లె అంటే ఊరు కాదు, ఊరికి ఇవతల ఉండే మన పల్లె. ఆరు నుంచి పది దాకా చదివే పిల్లలకి నెల రోజులపాటు ఇంగ్లీషు, లెక్కలు చెప్పాలన్నది మా ఆలోచన. నలుగురమూ మా ఇళ్ళల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్ళమే. ఆ వయసులో మాకెవరూ చెప్పనిది వీళ్ళకి చెప్పాలన్న ఆరాటం నిజమైనదే. చర్చి వరండాలో మొదటి రోజు 46 మంది కూచున్నారు. మూడో వారానికి 17 మంది మిగిలారు. మిగతావాళ్ళు ఏమయ్యారో వెతకాల్సిన పని లేకపోయింది. కొందరు మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరుతున్నారు, కొందరు తల్లుల పక్కన కూచుని తొడిమలు తీస్తున్నారు.

ఒకరోజు లాభనష్టాల పాఠం చెబుతున్నాం. వ్యాపారి ఇంతకి కొన్నాడు, ఇంతకి అమ్మాడు, లాభశాతం ఎంత? లెక్క పిల్లలకి దగ్గరగా ఉండాలని సరుకుని మిరపకాయలని మార్చాం. ఎనిమిదో తరగతి అమ్మాయి లెక్క చేసి చూపించి, "అన్నా, తొడిమలు తీసినోళ్ళ కూలి ఈ లెక్కలో యాడుంది?" అని అడిగింది. "అది ఈ పాఠంలో రాదమ్మా" అన్నాం. ఆ అమ్మాయి తలూపి కూచుంది. ఆ నెలంతా మళ్ళీ ఏమీ అడగలేదు.

మేం ఇచ్చిన ఆ జవాబే ఈ వ్యాసానికి కారణం. అణచివేతకి గురైన కులాల, జాతుల పిల్లలకి వేసవి తరగతులు అనేవి కొత్త విషయం కాదు. వాటికి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర మాకు తెలిసి ఉంటే ఆ రోజు అలాంటి జవాబు ఇచ్చి ఉండేవాళ్ళం కాదు. ఆ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో 1964 వేసవిలో నల్లజాతి పిల్లల కోసం నడిచిన స్వేచ్ఛా బళ్ళు. దాన్ని వివరంగా తెలుసుకుని, మన పల్లెలకి ఏం పనికొస్తుందో, ఏది పనికిరాదో చూడాలన్నది ఇక్కడ మా ప్రయత్నం.

నల్లవాళ్ళ పోరాటం మనకి పరాయిది కాదు. జోతిబా ఫూలే 1873లో తన 'గులాంగిరి' పుస్తకాన్ని బానిసత్వ నిర్మూలనకి నిలబడిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. అంబేద్కర్ 1946లో నల్లజాతి మేధావి డుబోయ్‌కి ఉత్తరం రాశాడు, ఆయన జవాబిచ్చాడు. 1972లో బొంబాయిలో దళిత యువకులు బ్లాక్ పాంథర్ల పేరునే తమ సంఘానికి పెట్టుకున్నారు. పాంథర్ల గురించి మన సభల్లో చాలా మాట్లాడుకున్నాం. వాళ్ళకి ముందు అదే నేలమీద పదమూడేళ్ళ, పదిహేనేళ్ళ పిల్లలు చర్చి వెనక చెట్లకింద కూచుని ఏం చదువుకున్నారన్నది మాత్రం మనకి దాదాపు తెలియదు.

పత్తి రాసిన పంచాంగం

సెలవులు ఎండని బట్టి వస్తాయని మనందరం అనుకుంటాం. మిసిసిపీ డెల్టా ప్రాంతం చరిత్ర చూస్తే సెలవులు ఎవరి అవసరాన్ని బట్టి వస్తాయో తెలుస్తుంది. అక్కడి పత్తి తోటలు తెల్ల భూస్వాములవి. పత్తి ఏరేది నల్ల కూలీలు, నల్ల కౌలుదార్లు, వాళ్ళ పిల్లలు. అందుకని డెల్టాలో చాలాచోట్ల నల్ల పిల్లల బళ్ళు మండుటెండల్లో, జులై ఆగస్టు నెలల్లో నడిచేవి. పత్తి విచ్చుకునే సెప్టెంబరు, అక్టోబరుల్లో మూసేసేవాళ్ళు. తెల్ల పిల్లల బళ్ళు మాత్రం తొమ్మిది నెలలు వరసగా నడిచేవి. ఒకే జిల్లాలో రెండు పంచాంగాలు. ఒకటి చదువుని బట్టి, ఇంకోటి పంటని బట్టి.

వర్ణాల వారీగా బళ్ళు వేరుచెయ్యడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954 మే 17న తీర్పు చెప్పింది. పదేళ్ళు గడిచి 1964 వేసవి వచ్చేనాటికి కూడా మిసిసిపీలో కింది తరగతుల బళ్ళు ఒక్కటీ కలవలేదు. నల్ల పిల్లల మీద పెట్టే ఖర్చు తెల్ల పిల్లల మీద పెట్టే ఖర్చులో చిన్న భాగం. పాఠ్యపుస్తకాల్లో బానిసత్వం యజమానుల దయాగుణంగా కనిపించేది. అంతర్యుద్ధం తరవాత నల్లవాళ్ళు ఓటేసి చట్టసభల్లో కూచున్న కాలం చీకటి కాలంగా కనిపించేది. నల్ల టీచర్లకి ఈ సంగతులు తెలియక కాదు. ఉద్యమం పేరెత్తితే తెల్ల అధికారులు ఉద్యోగం ఊడబెరికేవాళ్ళు. అర్హులైన నల్లవాళ్ళలో ఓటరు జాబితాకెక్కింది నూటికి ఏడుగురు కూడా లేరు. జాబితాలో చేరాలంటే రాష్ట్ర రాజ్యాంగంలో ఏదో ఒక ముక్క చదివి తెల్ల గుమాస్తాకి నచ్చేలా అర్థం చెప్పాలి. చదువుకీ ఓటుకీ ముడి అలా పడింది. చదువు లేదని ఓటు ఇవ్వరు. ఓటు లేనివాళ్ళకి మంచి బడి పెట్టరు.

పిల్లలే మొదలుపెట్టారు

స్వేచ్ఛా బళ్ళని ఉత్తరాది నుంచి వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు కనిపెట్టారని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. మూడేళ్ళ ముందు, 1961లో, మెకోంబ్ అనే చిన్న పట్టణంలో బ్రెండా ట్రావిస్ అనే బడిపిల్ల బస్‌స్టాండులో తెల్లవాళ్ళకి కేటాయించిన చోట కూచుని జైలుకెళ్ళింది. విడుదలై వస్తే బళ్ళోకి రానివ్వలేదు. అదే రోజుల్లో, సెప్టెంబరు 25న, ఓటరు నమోదుకి సాయం చేసిన హెర్బర్ట్ లీ అనే రైతుని ఒక శాసనసభ్యుడు పట్టపగలు కాల్చి చంపాడు. అక్టోబరు 4న ఆ హైస్కూలు పిల్లలు వందమందికి పైగా తరగతులు వదిలి ఊరేగింపుగా నడిచారు. ఇకమీదట ఉద్యమాల జోలికి పోమని సంతకం పెడితేనే మళ్ళీ రానిస్తామన్నారు. చాలామంది పెట్టలేదు. ఆ పిల్లల కోసం విద్యార్థి అహింసా సమన్వయ సంఘం కార్యకర్తలు అక్కడే ఒక బడి తెరిచారు. దాన్ని అందరూ 'స్నిక్' అనే పిలిచేవాళ్ళు. బాబ్ మోజెస్ లెక్కలు చెప్పాడు, చార్లెస్ మెక్‌డ్యూ చరిత్ర చెప్పాడు. కొద్ది వారాలకే టీచర్లు జైలు పాలయ్యారు, బడి ఆగిపోయింది.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. ఆ బడి వెనకబడిన పిల్లల్ని ముందుకి తెద్దామని పెట్టింది కాదు. ముందుకి నడిచినందుకు బయట పడ్డ పిల్లల కోసం పెట్టింది. ఈ తేడా తరవాత కథంతటికీ పునాది.

1963 డిసెంబరులో చార్లెస్ కాబ్ అనే స్నిక్ కార్యకర్త ఒక ప్రతిపాదన రాశాడు. అతను హోవర్డ్ యూనివర్సిటీ చదువు వదిలి మిసిసిపీ వచ్చిన ఇరవయ్యేళ్ళ కుర్రాడు. అప్పటికే 1964 వేసవిలో ఉత్తరాది నుంచి వందలమంది విద్యార్థులని ఓటరు నమోదు పనికి రప్పించాలన్న చర్చ నడుస్తోంది. వాళ్ళలో కొందరిని టీచర్లుగా పెట్టి వేసవి బళ్ళు నడపాలని కాబ్ అన్నాడు. ముఖ్యంగా పది, పదకొండు తరగతుల పిల్లల కోసం. వాళ్ళకి ఇంకా ఒకటి రెండేళ్ళ చదువుంది, తిరిగి తమ బళ్ళకే వెళ్తారు, అక్కడ కదలిక తెస్తారన్నది అతని లెక్క. మిసిసిపీ బడి నల్ల పిల్లల దగ్గర్నుంచి లాక్కున్న అన్నిటికన్నా పెద్దది ప్రశ్న అడిగే హక్కు అని అతను గుర్తించాడు. పుస్తకాలు లేవు, ప్రయోగశాలలు లేవు, నిజమే. అవి సంపాదించినా, అడగడం మరిచిపోయిన పిల్లవాడికి వాటితో ఒరిగేది తక్కువ.

మా తరగతిలో అమ్మాయి గుర్తొచ్చి, ఈ సంగతి చదివిన రోజు మాకు సిగ్గేసింది. తెల్ల అధికారి చేసిన పని ఆ రోజు ఆ వరండాలో మేం చేశాం. మేం కూడా ఆ పల్లెల్లోంచే వచ్చినవాళ్ళం కాబట్టి ఇంకా తేలిగ్గా చేశాం.

పాఠం ప్రశ్నగా

1964 మార్చిలో న్యూయార్కులో పాఠ్యప్రణాళిక కోసం ఒక సమావేశం జరిగింది. ఎల్లా బేకర్, సెప్టిమా క్లార్క్ లాంటి పెద్దలు అందులో ఉన్నారు. సెప్టిమా క్లార్క్ వెనక ఏడేళ్ళ అనుభవం ఉంది. 1957లో దక్షిణ కరోలినా దీవుల్లో ఆమె బృందం పెద్దవాళ్ళ కోసం పౌరసత్వ బళ్ళు మొదలుపెట్టింది. మొదటి బడికి టీచరుగా ఎంచుకున్నది డిగ్రీలున్న మనిషిని కాదు, బెర్నీస్ రాబిన్సన్ అనే జుట్టు అలంకరణ పనిచేసే ఆవిడని. ఆవిడ మొదటి రోజు పుస్తకం తెరవలేదు. మీకేం నేర్చుకోవాలనుందని అడిగింది. ఉత్తరం రాసుకోవాలి, మనియార్డరు ఫారం నింపాలి, ఓటరు నమోదు ముక్క చదవాలి అన్నారు. అదే పాఠ్యప్రణాళిక అయింది.

మిసిసిపీ బళ్ళకి చరిత్ర అధ్యాపకుడు స్టాటన్ లిండ్ బాధ్యుడు. బోస్టన్‌లో వర్ణవివక్షకి వ్యతిరేకంగా బడి బహిష్కరణ నడిపిన నోయెల్ డే పౌరసత్వ పాఠాలు రూపొందించాడు. ఆ పాఠాలన్నీ ప్రశ్నల రూపంలోనే ఉంటాయి. మీ బడి ఎలా ఉంది, అదే ఊళ్ళో తెల్ల పిల్లల బడి ఎలా ఉంది అన్న దగ్గర మొదలవుతాయి. ఆ తేడా వల్ల ఎవరికి లాభమని అడుగుతాయి. ఉత్తరాదికి వలసపోతే అన్నీ బాగుపడతాయా అని అక్కడి మురికివాడల్ని చూపిస్తాయి. ఊళ్ళో నిర్ణయాలు ఎవరు చేస్తారు, బ్యాంకు ఎవరిది, పోలీసు ఎవరి మాట వింటాడు అని అధికారం తీగ లాగుతాయి. చివరికి ఇంకా కష్టమైన చోటికి తెస్తాయి. తెల్లవాళ్ళ దగ్గరున్న వాటిలో మనకి కావలసినవేమిటి, అక్కర్లేనివేమిటి? మనదగ్గరున్న వాటిలో నిలుపుకోవాల్సినవేమిటి?

చివరి ప్రశ్న మీద కాస్త ఆగాలి. ప్రతిభ పెంపు పేరుతో నడిచే ఏ తరగతీ పిల్లవాడి దగ్గర అప్పటికే ఏముందని అడగదు. అతని దగ్గర లేనిదాని జాబితాతోనే వస్తుంది. మేం కూడా అలాంటి జాబితాతోనే పల్నాడు వెళ్ళాం. ఆ పిల్లలకి ఎన్ని రకాల మిరప తెలుసో, తూకంలో మోసం ఎక్కడ జరుగుతుందో ఎలా కనిపెడతారో, చర్చిలో పాటకి బాణీ ఎలా కడతారో మా జాబితాలో లేదు.

అంతమాత్రాన ఆ బళ్ళల్లో మామూలు చదువు లేదనుకుంటే పొరపాటు. పొద్దున పౌరసత్వం, నల్లజాతి చరిత్ర. మధ్యాహ్నం చదవడం, రాయడం, లెక్కలు, టైపు, నాటకం, పత్రిక. చాలాచోట్ల పిల్లలు పట్టుబట్టి ఫ్రెంచి నేర్చుకున్నారు. కూలి పిల్లలకి ఫ్రెంచి ఎందుకని మనలో ఉద్యమకారులే అడగొచ్చు. తెల్ల బళ్ళల్లో చెబుతారు, మాకు చెప్పరు, అందుకే కావాలన్నారు పిల్లలు. ఫలానా చదువు విప్లవకరం, ఫలానాది కాదని ముందే గీత గీయడం మన అలవాటు. పిల్లలు ఆ గీతని ఒప్పుకోలేదు.

చర్చి తగలబడింది, బడి తెరుచుకుంది

బడికి చోటెక్కడ? ప్రభుత్వ భవనాలు ఇవ్వరు. నల్లవాళ్ళ చేతుల్లో ఉన్న పెద్ద కట్టడం చర్చి ఒక్కటే. నెషోబా జిల్లాలో మౌంట్ జయాన్ చర్చి పెద్దలతో మైకేల్ ష్వెర్నర్ అనే కార్యకర్త బడి పెట్టడం గురించి మాట్లాడాడు. జూన్ 16న క్లాన్ ముఠా చర్చి పెద్దల్ని కొట్టి, చర్చిని తగలబెట్టింది. జూన్ 21న ష్వెర్నర్, స్థానిక నల్ల యువకుడు జేమ్స్ ఛేనీ, న్యూయార్కు నుంచి అప్పుడే వచ్చిన ఆండ్రూ గుడ్‌మన్ ఆ బూడిద చూడ్డానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆగస్టు 4న మట్టికట్ట కింద ముగ్గురి శవాలూ దొరికాయి. వేసవి బడి కోసం చర్చి తలుపు తీస్తామన్నందుకు మొదలైన హింస అది. ఆ వేసవిలో ముప్పైకి పైగా నల్లవాళ్ళ చర్చిలు దాడులకి గురయ్యాయి.

ముగ్గురు మాయమైన వార్త వచ్చేటప్పటికి స్వేచ్ఛా బళ్ళ టీచర్లు ఓహాయోలో శిక్షణలో ఉన్నారు. అయినా ఎక్కువమంది బస్సెక్కారు. ఇరవై బళ్ళు, వెయ్యి మంది పిల్లలు అని అంచనా వేసుకున్నారు. జులై మొదటి వారాల్లో తెరిచేసరికి నలభైకి పైగా బళ్ళు, రెండు వేలకి పైగా పిల్లలు అయ్యారు. హాట్టిస్‌బర్గ్ పట్టణంలోనే ఆరువందల మంది దాకా వచ్చారు. హైస్కూలు పిల్లల కోసమని పెట్టినా ఏడేళ్ళ పిల్లలూ వచ్చారు, మునిమనవలున్న ముసలివాళ్ళూ వచ్చారు. హాజరు లేదు, పరీక్ష లేదు, మార్కులు లేవు, సర్టిఫికెట్ లేదు. బాంబులు పడుతున్న మెకోంబ్‌లో భయపడి ఏ చర్చీ మొదట చోటివ్వలేదు. పిల్లలు ఆరుబయట కూచున్నారు. ఒక విద్యార్థిని భయపడే పెద్దల్ని నిలదీస్తూ కవిత రాసింది. అది చదివాక చర్చి తలుపు తెరుచుకుంది.

డెల్టాలో మాత్రం కొన్నిచోట్ల పిల్లలు తక్కువ వచ్చారు. కారణం ముందే చెప్పుకున్నాం. పత్తి పంచాంగం ప్రకారం ఆ నెలల్లో వాళ్ళకి మామూలు బడి నడుస్తోంది. సెలవుల్లో బడి పెడదామంటే ఆ పిల్లలకి సెలవులే వేరు. మంచి ఉద్దేశంతో గీసిన పథకం కూడా పిల్లల పని దినాలు చూసుకోకపోతే ఎలా బోర్లా పడుతుందో అక్కడ తెలిసింది. మా 46 మంది 17 ఎందుకయ్యారో అర్థం చేసుకోవడానికి మాకు పనికొచ్చిన ఉదాహరణ ఇదే.

పాఠం బయటికి నడిచింది

ఆగస్టు 14న హాట్టిస్‌బర్గ్‌లో ఆరుగురు పిల్లలు తమ టీచరు శాండ్రా అడికిస్‌తో కలిసి పట్టణ గ్రంథాలయానికి వెళ్ళారు. పౌరహక్కుల చట్టం మీద అమెరికా అధ్యక్షుడు జులై 2న సంతకం పెట్టి అప్పటికి ఆరు వారాలు. సభ్యత్వ కార్డులు ఇమ్మని అడిగారు. ఇవ్వలేదు. గ్రంథాలయాన్నే మూసేశారు. అక్కణ్ణుంచి ఒక దుకాణంలో భోజనానికి కూచుంటే పిల్లలకి పెడతాం, వాళ్ళతో వచ్చిన తెల్ల టీచరుకి పెట్టం అన్నారు. బయటికి రాగానే పోలీసులు టీచరుని అరెస్టు చేశారు. ఆ కేసు 1970లో సుప్రీంకోర్టు దాకా పోయింది. పుస్తకం అడగడం ఇంత పెద్ద నేరమని పిల్లలకి ఏ పాఠం అంత బాగా చెప్పగలదు? గుడి, బావి, హోటలు, గ్రంథాలయం మెట్లు ఎక్కబోయి దెబ్బలు తిన్న మన పెద్దల చరిత్ర తెలిసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఛేనీ సొంత ఊరు మెరీడియన్. అతని శవం దొరికిన కొద్ది రోజులకే అదే ఊళ్ళో స్వేచ్ఛా బళ్ళ విద్యార్థుల మహాసభ జరిగింది. ప్రతి బడి నుంచీ ప్రతినిధులు వచ్చారు. టీచర్లు పక్కన నిలబడ్డారు, సభ నడిపింది పిల్లలు. ఇళ్ళు, ఆసుపత్రులు, ఓటు, పని, చివరికి దక్షిణాఫ్రికా మీద ఆర్థిక ఆంక్షల దాకా తీర్మానాలు చేశారు. చదువు మీద చేసిన తీర్మానాల్లో సమానమైన నిధులు, విదేశీ భాషలు, ఉద్యమంలో పాల్గొన్న టీచరు ఉద్యోగానికి రక్షణ ఉన్నాయి. వాటి మధ్యలో చూడ్డానికి చాలా చిన్నదిగా కనిపించే డిమాండు ఇంకోటి ఉంది. బడి ఏడాదిలో వరసగా తొమ్మిది నెలలు నడవాలి.

మాకు ఆ మహాసభలో అన్నిటికన్నా పదునైన తీర్మానం అదే అనిపిస్తుంది. పత్తి కోసం చీల్చిన పంచాంగాన్ని పిల్లలు కుట్టమంటున్నారు. మమ్మల్ని కూలీలుగా లెక్కేసి సెలవులివ్వకండి, విద్యార్థులుగా లెక్కేసి ఇవ్వండి అంటున్నారు. ఆరు వారాల కిందట ఇదే పిల్లలకి ఆ పంచాంగం ఎండా వానల్లాగా సహజమైనది.

మిగిలిందేమిటి, పోయిందేమిటి

ఈ కథని పురాణం చెయ్యకూడదు. టీచర్లలో అత్యధికులు తెల్లవాళ్ళు, ఉత్తరాది పెద్ద కాలేజీల పిల్లలు. ఆగస్టు దాటగానే చాలామంది వెళ్ళిపోయారు. కొన్ని బళ్ళు ఇంకొంత కాలం నడిచాయి, చాలా మూతబడ్డాయి. ఏళ్ళ తరబడి ప్రాణాలకి తెగించి పనిచేసిన స్థానిక నల్ల యువకులు టైపు మిషన్ల ముందు తెల్ల విద్యార్థుల వేగం చూసి వెనక్కి తగ్గిన సందర్భాలున్నాయి. బయటినుంచి వచ్చే జ్ఞానం, లోపల ఉండే నాయకత్వం, ఈ రెండిటి మధ్య రాపిడి మనకీ తెలిసిందే.

ఆకురాలు కాలంలో పిల్లలు తమ బళ్ళకి తిరిగెళ్ళారు. ఫిలడెల్ఫియా అనే ఊళ్ళో, ఛేనీ వాళ్ళని చంపిన నెషోబా జిల్లాలోనే, నల్ల పిల్లలు ఓటు హక్కు నినాదం ఉన్న బిళ్ళలు చొక్కాలకి పెట్టుకుని బడికి పోయారు. సస్పెండ్ చేస్తే తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1966లో అప్పీలు కోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. 1969లో విద్యార్థుల భావప్రకటన హక్కు మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రసిద్ధ తీర్పు ఆ మిసిసిపీ తీర్పుని ఆధారం చేసుకుంది.

1965లో అమెరికా ప్రభుత్వమే పేద హైస్కూలు పిల్లల్ని వేసవిలో కాలేజీ ఆవరణల్లో ఉంచి చదివించే కార్యక్రమం మొదలుపెట్టింది. దానివల్ల మనలాంటి మొదటి తరం వాళ్ళు వేలమంది డిగ్రీలు చేశారు. దాన్ని తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ రోజుల్లో పేద పిల్లల చదువు గురించి మాట్లాడిన నిపుణుల నోట్లో తిరిగిన మాట 'సాంస్కృతిక లేమి'. స్వేచ్ఛా బడి మీ ఊళ్ళో అధికారం ఎవరిదని అడిగింది. ఈ భాష నీలో ఏం తక్కువని అడుగుతుంది. వేసవి అదే, పిల్లలు వాళ్ళే, తప్పు ఎక్కడుందన్న నిర్ణయం మారిపోయింది. బాబ్ మోజెస్ మాత్రం వదల్లేదు. 1982లో నల్ల పిల్లలకి బీజగణితం నేర్పే ఉద్యమం మొదలుపెట్టి, 2021లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. ఓటు ఒకప్పుడు ఎంత ముఖ్యమో, ఇప్పుడు లెక్కలు అంత ముఖ్యమని ఆయన వాదన. మెకోంబ్‌లో లెక్కలు చెప్పిన మనిషే ఇలా అన్నాడని గుర్తుంచుకుంటే చైతన్యం వేరు, సిలబస్ వేరు అన్న గోడ మనం కట్టుకున్నదేనని అర్థమవుతుంది.

మన దగ్గర

మన దగ్గరా ఈ పదేళ్ళలో ఆశ పెట్టుకోదగ్గ ప్రయత్నాలు జరిగాయి. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో 'సమ్మర్ సమురాయ్' పేరుతో వేసవి శిబిరాలు నడిచాయి. డబ్బున్న పిల్లలకే అనుకున్న ఆటలు, కళలు, సాహసాలు మన పిల్లల చేతికొచ్చాయి. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. మిసిసిపీ పిల్లలు ఫ్రెంచి అడిగినట్టే, మన పిల్లలకి కొండలెక్కే హక్కూ ఉంది. అయితే గురుకులంలో సీటు దొరకని పిల్లలు, మామూలు హాస్టళ్ళలో ఉండి ఏప్రిల్ చివర పెట్టె సర్దుకుని పల్లెకొచ్చే పిల్లలు ఎక్కువ. హాస్టలు మూతపడితే వాళ్ళకి మూడు పూటల అన్నం ఆగిపోతుంది. అన్నం కోసం కల్లానికి పోతారు. ఆ పిల్లల విషయంలో వేసవి సెలవులు అనే మాటే అబద్ధం.

2024 వేసవిలో మేం అదే పల్లెకి మళ్ళీ వెళ్ళాం. ఈసారి పుస్తకం తీసుకుపోలేదు. తరగతి వేళ పని అయిపోయాక సాయంత్రం ఆరింటికి మార్చాం. ముందటేడు మేం జవాబివ్వని ప్రశ్ననే మొదటి పాఠం చేశాం. కిలో మిరప చేల్లోంచి గుంటూరు యార్డు దాకా పోయేలోపు ఎవరి చేతికి ఎంత వస్తుంది? పిల్లలు తల్లుల్ని అడిగారు, ఆటో డ్రైవర్లని అడిగారు, కౌలు రైతుని అడిగారు. శాతాలు, సరాసరి, గ్రాఫులు అన్నీ అందులోనే నేర్చుకున్నారు. లెక్కలు గోడ పత్రికగా రాసి చర్చి వరండాలో అంటించారు. నాలుగో రోజు మేస్త్రీ వచ్చి చూసి వెళ్ళాడు. ఆ రాత్రి పల్లె పెద్దలు వచ్చి, "మీరు నెలకి పోతారు నాయనా, రేపు పన్లోకి పిలవకపోతే మేం యాడికి పోవాల?" అన్నారు. తప్పు పట్టడానికి లేదు. మెకోంబ్ చర్చి పెద్దల భయమూ ఇదే. పత్రిక తీసేశాం. తరగతి వేపచెట్టు కిందికి మారింది. మొదటి రోజు 38 మంది, చివరి రోజు 31 మంది ఉన్నారు.

ఆ అమ్మాయి వచ్చింది, పని లేని రోజుల్లో. అప్పటికి తొమ్మిది అయిపోయి పదిలోకి పోతోంది. ఆఖరి రోజు పిల్లల్ని ఒక్కటే కోరిక రాయమంటే ఆ అమ్మాయి జట్టు రాసింది: ఉండాలనుకున్న పిల్లల కోసం హాస్టళ్ళు వేసవిలో కూడా తెరిచి ఉంచాలి. మెరీడియన్ తీర్మానం గురించి వాళ్ళకి మేం అప్పటికి చెప్పలేదు. అందరూ సంతకాలు పెట్టారు, అర్జీ పంపించాం. ఇప్పటిదాకా జవాబు లేదు.

ఈ అర్జీ ఒక్క పల్లెది కాకూడదని మా కోరిక. ఈ వ్యాసం చదివే టీచర్లు, విద్యార్థి సంఘాల మిత్రులు, యూనివర్సిటీ హాస్టళ్ళ నుంచి ఏప్రిల్ చివర ఇళ్ళకి పోయే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తమ తమ పల్లెల్లో తరగతులు పెట్టాలి. పెట్టేముందు మూడు పనులు చెయ్యాలి. పిల్లలు ఏ నెలలో, ఏ వేళ ఏ పనికి పోతారో రాసుకోండి. ఆ పల్లెలోనే ఉండిపోయే ఇద్దరిని టీచర్లుగా తయారుచెయ్యండి, మీరు వెళ్ళిపోతారు కాబట్టి. మొదటి రోజు పిల్లలు అడిగే ప్రశ్నలు అలాగే, వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టండి. పాఠంలో రాదనిపించిన ప్రశ్న దగ్గర ఆగండి. తరవాత పాఠం దాంతోనే మొదలుపెట్టండి.